మణుగు నుంచి మోల్ దాకా: నెల్లూరు తీరపు ఉప్పు లెక్క

నెల్లూరు తీరంలో ఇస్కపల్లి వంటి చోట్ల పండే ఉప్పుకు వలసపాలన విధించిన పన్ను మణుగు లెక్కన ఉండేది. సుమారు 37.32 కిలోగ్రాముల ఆ మణుగుపై పన్ను 1888లో రెండున్నర రూపాయలు, 1907లో ఒక రూపాయి. కుంచం, తూము ఘనపరిమాణపు కొలతలు. ఉప్పుగళ్ళ పరిమాణాన్ని బట్టి, నింపే తీరును బట్టి వాటిలో పట్టే సరుకు మారుతుంది. తూకంలో ఆ తేడా రాదు.

అయితే తూకం బరువును చెబుతుందే గాని కణాల సంఖ్యను చెప్పదు. ఆ రెంటికీ లంకె మోల్. సోడియం క్లోరైడ్ మోలార్ ద్రవ్యరాశి 58.44 గ్రాములు. కనుక శుద్ధమైన ఉప్పు మణుగులో సుమారు 639 మోల్‌లుంటాయి. వాటిని అవొగాడ్రో సంఖ్య 6.022×10²³తో గుణిస్తే దాదాపు 3.85×10²⁶ సోడియం-క్లోరైడ్ అయాన్ల జతలు. అయాన్లను విడిగా లెక్కిస్తే దానికి రెట్టింపు. జతల సంఖ్యను అవొగాడ్రో సంఖ్యతో భాగిస్తే తిరిగి మోల్‌లు వస్తాయి.

1971లో అంతర్జాతీయ ప్రమాణంగా స్వీకరించినప్పుడు మోల్‌కు ఆధారం 12 గ్రాముల కార్బన్-12, అంటే ఒక బరువు. 2019 మే 20 నుంచి 6.02214076×10²³ అనే స్థిరసంఖ్యే దాని నిర్వచనం. మణుగు చివరిదాకా తూకంగానే ఉండిపోగా, మోల్ తూకం నుంచి విడివడి సంఖ్యగా నిలిచింది. కాబట్టి తెలుగు పాఠ్యపుస్తకం మోల్‌ను బరువుగా కాక, పుంజీ, డజను వంటి లెక్కింపు పదంగా పరిచయం చేయడం శాస్త్రానికీ, భాషకూ సమంజసం.