చిన్నబళ్ళాపురము మొదలు మల్లూరు వరకు

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలోని తెలుగు కుటుంబములు నిన్న మొన్న వచ్చి చేరినవి కావు. పాళెగాండ్ర కాలమునాటికే మన పూర్వులు ఈ నేలను దున్నిరి. కైవారమున తాతయ్యగారు తెలుగున తత్త్వములు పాడిరి. ఇంట తెలుగు, అంగడిలోను కచేరీలోను కన్నడము. ఇది మనకు తరతరములుగా వచ్చిన వాడుక. గడచిన రెండు మూడు తరములలో ఈ రెంటికిని మూడవది చేరినది. అదియే కాన్వెంటు బడిలోని ఇంగ్లీషు. మా పిల్లవాడు కాన్వెంటులో చదువుచున్నాడని చెప్పుకొనుట మన ఇండ్లలో ఒక గౌరవమైనది. ఆ చదువు మన బిడ్డల తరువాతి బ్రతుకునకు ఏమి ఇచ్చినది? మనము దానినుండి ఏమి గైకొంటిమి, ఏమి విడిచితిమి? చరిత్రను ముందుంచుకొని ఈ సంగతిని విచారించుటయే ఈ వ్యాసమున నా ప్రయత్నము.

కతోలిక గురువులు మన సీమకు వచ్చిన కథ నేటి కాన్వెంటులకంటె చాల పాతది. 18వ శతాబ్ది తొలి దశకములలో ఫ్రెంచి దేశపు యేసుసభ గురువులు పుదుచ్చేరి నుండి బయలుదేరి, పుంగనూరున నివాసమేర్పరచుకొని, అక్కడినుండి మన ఊరికిని వచ్చిరి. వారు తమ దేశమునకు వ్రాసిన లేఖలలో మన ఊరి పేరు చిన్నబళ్ళాపురమనియే కానవచ్చును. కన్నడమున చిక్క యన్నది తెలుగున చిన్న గదా! వారి చెవిని బడినది తెలుగువారి నోటి పేరు. ఆ గురువులు సన్న్యాసులవలె కాషాయము ధరించి, మాంసము మాని, తెలుగు నేర్చిరి. వారి ఉద్దేశము మతప్రచారమే, దానిని దాచనక్కరలేదు. అయినను ఆ పనికై వారు మొట్టమొదట చేసినది మన పెద్దల యెదుట శిష్యులై కూర్చుండి అక్షరములు దిద్దుట.

ఆ పరంపరలోనివాడే గాస్తోన్ కూర్దూ (1691–1779). తెలుగును సంస్కృతమును అభ్యసించిన ఈ గురువు, సంస్కృతమునకును లాటిను గ్రీకు భాషలకును గల పోలికలను గురించి 1767లో పారిసు పండితులకు లేఖ పంపెను. ఇదే విషయమున లోకప్రసిద్ధమైన విలియం జోన్సు ఉపన్యాసము 1786 నాటిది. అనగా 19 ఏండ్లకు ముందే తెలుగునాట నివసించిన ఒక పాదిరీ ఆ సంగతిని గుర్తించెను. వినయముతో భాష నేర్చినవానికి దక్కిన ఫలమిది.

1773లో పోపు ఆజ్ఞచే యేసుసభ రద్దయినది. మరల 1814లో పునరుద్ధరింపబడినది. నడుమ మైసూరు సీమలో కతోలికుల బాధ్యత పారిసు విదేశ మిషను గురువులకు వచ్చెను. 1882లో బెంగుళూరున సెయింట్ జోసెఫ్స్ విద్యాలయమును స్థాపించినవారు వీరే. 1937లో దాని నిర్వహణము యేసుసభకు చేరెను. స్త్రీల కొరకు మౌంట్ కార్మెల్ కళాశాల 1948లో బెంగుళూరునకు వచ్చినది. గడచిన శతాబ్దపు రెండవ దశకమున చిక్కబళ్ళాపురమునకు చిన్న రైలు పడిన పిమ్మట, రాజధానిలోని చదువు మన పిల్లలకు కొంత చేరువైనది. క్రమముగా చిన్న పట్టణములలోను మఠకన్యల బడులు వెలసినవి. ఈ బడులలో చదువు పిల్లలలో పెక్కురు ఇతర మతములవారే.

యేసుసభవారి బోధనకు మూలము 1599లో వారు ప్రకటించిన శిక్షాక్రమము. తరగతి తరువాత తరగతి, పాఠము తరువాత వల్లెవేత, వ్రాత తరువాత దిద్దుబాటు, సభలో నిలిచి మాటలాడుట, వేళకు గంట. ఇవన్నియు అందు నిర్ణయింపబడినవి. తక్కిన కతోలిక బడులును చాలవరకు ఇట్టి క్రమమునే అవలంబించినవి. మనవారు మెచ్చిన క్రమశిక్షణ యనునది ఇదియే.

నేను ఎస్.ఎస్.ఎల్.సి. వరకు మాత్రమే చదివి, ఉద్యోగకాలమంతయు గుమాస్తాపనిలో గడపినవాడను. నా యెదుటి బల్లలయొద్ద కాన్వెంటు చదువరులు పలువురు పనిచేసిరి. కాగితము చేతికి వచ్చిన దినముననే తేదీ వేయుట, దస్త్రమును వరుస తప్పకుండ కట్టుట, అక్షరము గుండ్రముగా వ్రాయుట, పైయధికారి యెదుట తడబడక బదులు చెప్పుట వారియందు చూచితిని. ఈ గుణములు బ్రతుకంతయు వారిని విడువలేదు. ఆడపిల్లలయందు ఈ మార్పు మరింత స్పష్టము. తల్లులు గడపదాటి కచేరీ మెట్లెక్కుటకు జంకిన ఇండ్లనుండి వచ్చిన కుమార్తెలు ఉపాధ్యాయినులై, దాదులై, బ్యాంకు ఉద్యోగినులై సంసారములను నిలువబెట్టిరి.

అదే బల్లలయొద్ద మరియొకటి కూడ చూచితిని. బాగేపల్లి వైపు పల్లెలనుండి వచ్చిన రైతు తన భూమి తగవును తెలుగున చెప్పుకొనును. వినుచున్న యువకుడును తెలుగు ఇంటి బిడ్డయే. రైతు మాట అతనికి బోధపడును. బదులు పలుక నోరు రాదు. జవానును పిలిచి, ఇతనికి చెప్పుమనును. ఆ రైతు తలవంచుకొని జవాను వైపు తిరుగును. ఇట్టి సమయమున నాకు చిన్నబళ్ళాపురమునకు వచ్చిన ఆ ఫ్రెంచి గురువులు తలపునకు వచ్చెడివారు. సముద్రములు దాటి వచ్చినవాడు నేర్చిన భాషను, ఆ సంప్రదాయపు బడిలో చదివిన మన బిడ్డడు పోగొట్టుకొనినాడు.

దీనికి బడినే తప్పుపట్టుట న్యాయము కాదు. కర్ణాటకమున బడి కన్నడము నేర్పవలసినదే. కన్నడము మనకు అన్నము పెట్టిన భాష. ఇంగ్లీషు మనము కోరి అడిగినది. తెలుగును ఇంట నిలుపుకొనవలసినవారము మనము. అంతకంటె పెద్ద సంగతి వేరొకటి కలదు. బడి ఇచ్చినదానిలో సగమునే మనము తెచ్చుకొంటిమి.

ఆ మిగిలిన సగమేదో ఆ గురువుల పెద్దయే చెప్పెను. 1973 జూలై 31న స్పెయిను దేశపు వలెన్షియా నగరమున యేసుసభ బడుల పూర్వవిద్యార్థుల సభలో, సభాధిపతి పేద్రో అర్రూపె ప్రసంగించెను. మేము మీకు న్యాయము కొరకు పాటుపడు విద్య నేర్పితిమా యని తానే ప్రశ్నించి, నేర్పలేదని తానే ఒప్పుకొనెను. పరులకొరకు బ్రతుకు మనుష్యులను తయారుచేయని చదువు చదువే కాదని వారికి చెప్పెను. తన బడులలో చదివి పైకి వచ్చినవారి మొగముననే ఇట్లు చెప్పుట సామాన్యమైన ధైర్యము కాదు.

ఆ సంవత్సరముననే మన జిల్లాలో ఈ మాటకు ఉదాహరణ మొకటి నిలిచినది. దాని మొదలు తెలుగునాట, గుంటూరున ఉన్నది. ఆస్ట్రేలియా దేశపు వైద్యురాలు మేరీ గ్లౌరీ (1887–1957) 1920లో గుంటూరునకు వచ్చి, మఠకన్యయై, తెలుగు స్త్రీలకును శిశువులకును వైద్యము చేసెను. స్థానిక యువతులకు మందులు కలుపుటయు పురుడు పోయుటయు నేర్పెను. 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘమును స్థాపించెను. ఈ దేశమున కతోలిక వైద్యవిద్యాలయ మొకటి వెలయవలెనని ఆమె ఆశించెను. ఆమె బెంగుళూరున కన్నుమూసిన ఆరేండ్లకు, 1963లో, ఆ నగరముననే సెయింట్ జాన్స్ వైద్యవిద్యాలయము ఏర్పడినది.

సిడ్లఘట్ట తాలూకాలోని మల్లూరు పట్టునకును పాలకును పేరొందిన ఊరు. అక్కడి పాల సహకార సంఘముతో చేయికలిపి సెయింట్ జాన్స్ వారు 1973లో ఆరోగ్య సహకార సంఘమును నెలకొల్పిరి. రైతులు పోయు పాలకు లీటరుకు కొన్ని పైసల చొప్పున వైద్యమునకై తీసి ఉంచిరి. విద్యాలయము వైద్యులను పంపినది. శిక్షణలోని యువవైద్యులు ఆ పల్లెలకు వచ్చి పనిచేసిరి. రోగికి ఇది బిచ్చము కాదు. తన పాలసొమ్ముతో తాను నిలుపుకొన్న వైద్యము. ఆ పల్లెల జనులు నొప్పిని చెప్పుకొనునది కన్నడమున, తెలుగున. అది తెలియనివాడు నాడి పట్టగలడు గాని బాధను వినలేడు.

ఆ విద్యాలయమున చదువు ముగించినవారు వైద్యవసతి కొరవడిన చోటుల కొంతకాలము పనిచేయుటకు ఒప్పుదల వ్రాసి ఇచ్చు ఏర్పాటు కూడ కలదు. ఒప్పుదల తీరినంతనే నగరములకును విదేశములకును తరలినవారు ఉందురు. నిలిచినవారును కలరు. అందే చదివి అందే బోధించిన రవి నారాయణ్, అందే చదివిన థెల్మా నారాయణ్ అను వైద్య దంపతులు 1984లో బెంగుళూరున సామాజిక ఆరోగ్య కేంద్రమును ప్రారంభించి, పేదల ఆరోగ్యమునకై తమ బ్రతుకును వినియోగించిరి. కతోలిక విద్య పట్టభద్రుని జీవితమును మలచుట యన్నది ఇట్టి చోట కంటికి కనబడును.

కావున సోదర తెలుగు కుటుంబములవారికి నా విన్నపము. పిల్లలను కాన్వెంటులకు పంపుడు. అందు నాకు ఆక్షేపణ లేదు. కాని వేళకు లేచుట, ఇంగ్లీషు మాటలాడుట వద్దనే ఆగవద్దు. ఇంట రాత్రి అన్నము వేళకు ముందు అరగంట తెలుగు అక్షరములు దిద్దింపుడు. అమ్మమ్మకు నెలకొక్క ఉత్తరము తెలుగున వ్రాయింపుడు. మన సంఘము ఆదివారపు తరగతి నొకదానిని నడుపవలెను. పెద్ద చదువులు చదివిన యువకులు నెలకొక దినము బాగేపల్లి, చింతామణి పల్లెలకు పోయి, అర్జీ వ్రాయలేని రైతుకు అర్జీ వ్రాసిపెట్టవలెను, మందుచీటి చదువలేని ముసలమ్మకు చదివి చెప్పవలెను. ఎవరికి సేవచేయ దలచితిమో వారి భాషను ముందుగా నేర్వవలెనన్నది మూడువందల యేండ్లనాడు మన ఊరికి వచ్చిన గురువులు ఆచరించి చూపిన పాఠము. మన బిడ్డలకు ఆ భాష ఊయలలోనే దొరికినది. దానిని వారి నోట నిలుపు భారము మనది.