తాడుకి అందని తుప్పు

బే ఏరియాలో ఉన్న మనవాళ్ళకి ఫ్రీమాంట్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కడి జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ నాణ్యతలో పరమ అధ్వాన్నమని పేరు తెచ్చుకుని 1982లో మూతపడింది. 1984లో టయోటా చేయి కలిపి, నుమ్మీ పేరుతో మళ్ళీ తెరిచింది. పనివాళ్ళు చాలామంది పాతవాళ్ళే! మారింది పద్ధతి. లోపం కనిపిస్తే ఏ కార్మికుడైనా తాడు లాగి లైను ఆపించొచ్చు. అంతకుముందు లైను ఆపడమంటే మహాపరాధం. బండి ముందుకెళ్ళిపోవాలి, రిపేర్లు తర్వాత. (మన రిలీజులు గుర్తొస్తున్నాయా?)

1995 నుంచి టకోమా పికప్ ట్రక్కులు అక్కడే తయారయ్యాయి. అసెంబ్లీకి మంచి పేరే. కానీ 1995-2000 మోడళ్ళలో కొన్నిటి ఫ్రేములు తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి, ముఖ్యంగా చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో. తుప్పు పట్టకుండా వేసే పూత సరిపోలేదు. ఆ ఫ్రేములు చేసింది డానా అనే బయటి కంపెనీ.

2008లో టయోటా ఆ ఫ్రేములకి 15 ఏళ్ళ వారంటీ ప్రకటించి, బాగా పాడైన ట్రక్కుల్ని మార్కెట్ ధరకి ఒకటిన్నర రెట్లిచ్చి వెనక్కి కొంది. 2011లో డానా టయోటాకి 25 మిలియన్ డాలర్లిచ్చి లెక్క తేల్చుకుంది.

నాకర్థమైందేంటంటే, తాడు లాగాలంటే ముందు లోపం కంటికి కనబడాలి. షోరూములో పూత పల్చనా, మందమా ఎవడికి తెలుస్తుంది? "అది వెండర్ కోడండీ" అని మనం మీటింగులో తప్పించుకోవచ్చు గానీ, కొన్నవాడికి తెలిసింది బండి మీదున్న పేరొక్కటే.