ఐదేళ్ల ఒప్పందం, ఏడాది వీసా

మాదాపూర్ నుంచి పాత టీమ్ వాళ్లు ఫోన్ చేస్తే మొదట అడిగేది వీసా సంగతే. మారిషస్ 2020లో ప్రీమియం వీసా అని ఒకటి తెచ్చింది. జీతమిచ్చే కంపెనీ ఈ దేశం బయట ఉండాలి, నెలకు కనీసం 1,500 డాలర్ల ఆదాయం చూపించాలి. ఏడాది ఉండొచ్చు, పొడిగించుకోవచ్చు. గట్టి షరతు ఒక్కటే: ఇక్కడి ఉద్యోగాల జోలికి పోకూడదు. గడియారం మనకంటే గంటన్నర వెనక. హైదరాబాద్‌లో తొమ్మిదిన్నర స్టాండప్‌కి ఇక్కడ ఎనిమిది. సాయంత్రం లాప్‌టాప్ మూసేసరికి ఇంకా పొద్దుంటుంది.

ఇంతవరకూ చెబితే అందరికీ నచ్చుతుంది. నేను చెప్పదలచుకున్నది ఆ షరతు గురించి. ఇదే దేశం ఒకప్పుడు మనవాళ్లను రానిచ్చింది పని కోసమే. పని మానితే జైల్లో పెట్టింది.

1810లో ఇంగ్లిష్‌వాళ్లు ఈ దీవిని ఫ్రెంచ్‌వాళ్ల దగ్గర లాక్కున్నారు. తోటల పనంతా ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి తెచ్చిన బానిసలదే. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. చెరకు నరకడం మాత్రం ఆగకూడదు కదా! అందుకే మూడు నెలల ముందే, 1834 నవంబర్ 2న, కలకత్తా నుంచి అట్లాస్ అనే ఓడ 36 మందిని తెచ్చి పోర్ట్ లూయీలో దింపింది. ఐదేళ్ల ఒప్పందం, నెలకు ఐదు రూపాయలు. ఈ పద్ధతి నిలదొక్కుకున్నాకే గయానా, ట్రినిడాడ్, నటాల్, ఫిజీలకు కూలీల ఓడలు బారులు తీరాయి. ఒక్క మారిషస్‌కే నాలుగున్నర లక్షల మందికి పైగా వచ్చారు. వాళ్లు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రేవు నుంచి పైకి పదహారు రాతి మెట్లు. ఎక్కడానికి నిమిషం కూడా పట్టదు.

అసలు బాధ మెట్లెక్కాక మొదలయ్యేది. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. దాన్ని 'డబుల్ కట్' అనేవారు. గడువు తీరినవాళ్లకైనా స్వేచ్ఛ వచ్చిందా అంటే, 1867 చట్టం వాళ్ల మెడకూ పాస్ తగిలించింది. ఫొటో అంటించిన ఆ కాగితం లేకుండా రోడ్డు మీద దొరికితే దేశదిమ్మరి కింద లెక్కగట్టి పట్టుకుపోయేవారు. 1871లో అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట యజమాని కూలీల పక్షాన నిలబడి, 9,401 మందితో అర్జీ పెట్టించాడు. తోటి దొరలు అతని మీద విరుచుకుపడ్డారు. అయినా మరుసటి ఏడాది లండన్ నుంచి రాయల్ కమిషన్ రాక తప్పలేదు.

ఆ జనంలో విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల మనవళ్లకు మనవళ్లు ఇళ్లలో క్రియోల్ మాట్లాడతారు, కానీ సింహాద్రి అప్పన్నను మరచిపోలేదు. రామభజనం కడితే పాటలోని తెలుగు చాలావరకు మనకు తెలిసిపోతుంది. ఉగాదికి దేశమంతటికీ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఇక్కడే. నవలా రచయిత్రి నతాషా అప్పనా 1872లో ఓడ దిగిన తన పూర్వీకుల గురించి ఫ్రెంచ్‌లో ఒక పుస్తకమే రాసింది.

హైటెక్ సిటీలో వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించింది 1998లో. కొన్నేళ్లకే మన ప్రభుత్వ రుణంతో ఇక్కడ ఎబెన్‌లోనూ సైబర్ టవర్ లేచింది. అదీ ఒకప్పటి చెరకు నేలే. ఇప్పుడు చెరకు పోయింది, సర్వర్లు వచ్చాయి. మా లాంటివాళ్లం మేనేజర్ ఒప్పుకుంటే వచ్చాం. ఆఫీసుకు రమ్మని మెయిల్ వస్తే విమానం ఎక్కేస్తాం. ఆనాటి కూలీలకు ఉచిత తిరుగు ప్రయాణం కూడా మధ్యలోనే ఎత్తేశారు. రెంటినీ వలస అనే ఒక్క గాటన కట్టకండి.

మా పక్కింటి పెద్దావిడ ఒకరోజు తన పూర్వీకుడి రికార్డు నకలు తెచ్చి చూపించింది. మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ దస్తావేజులు భద్రంగా ఉన్నాయి. నంబరు, తండ్రి పేరు, ఎత్తు, ఒంటి మీద మచ్చ, జిల్లా వైజాగపటం. ఊరి పేరు మాత్రం ఆనాటి గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాసేశాడు. కాపలా కోసం వేసిన ఆ నంబరే ఇప్పుడు ఓసీఐ (విదేశీ భారత పౌరసత్వ) కార్డుకు ఆధారం. 2024లో ఇక్కడికి వచ్చిన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఆ అర్హత ఏడో తరం దాకా పెంచుతున్నట్టు ప్రకటించారు. మా పక్కింటి ఆవిడకు కార్డు ఒక్కటే చాలదు, ఊరు కావాలి. ఇద్దరం ఆ అక్షరాలను రకరకాలుగా పలికి చూశాం. మూడు ఊళ్ల దగ్గర ఆగిపోయాం.

రావాలనుకుంటే రండి, సముద్రం బాగుంటుంది. మీది ఉత్తరాంధ్ర అయితే, బయల్దేరే ముందు చుట్టుపక్కల ఊళ్ల పాత పేర్లు పెద్దవాళ్లనడిగి రాసుకు తెచ్చుకోండి. వాటి కోసం ఇక్కడ చాలామంది వెతుకుతున్నారు.