లాగిన్ కాగానే పలకరించే నాలుగు ముక్కలు

లినక్స్ సర్వర్‌లోకి లాగిన్ అయితే నల్లటి తెర మీద ముందుగా కొన్ని వరుసలు కనిపిస్తాయి. వాటి పేరు ‘మెసేజ్ ఆఫ్ ది డే’. ఇవి పుట్టింది మాత్రం కొత్తవాళ్లకు దారి చూపడానికి కాదు.

ఎంఐటీలో ఫెర్నాండో కార్బతో బృందం 1961లో సీటీఎస్ఎస్ అనే వ్యవస్థను ప్రదర్శించింది. అందులో ఒకే యంత్రాన్ని చాలామంది ఎవరి టెర్మినల్ నుంచి వాళ్లు ఏకకాలంలో వాడుకోవచ్చు. యంత్రం అందరిదీ కాబట్టి నిర్వాహకుల కబురూ అందరికీ చేరాలి. లాగిన్ దగ్గర పెడితే అందరి కంటా పడుతుంది. 1960ల మధ్యలో ఒకసారి ఆ కబురు రావాల్సిన చోట అందరి పాస్‌వర్డ్‌లూ వచ్చిపడ్డాయి. ఒక నిర్వాహకుడు సందేశాన్ని, మరొకరు పాస్‌వర్డ్‌ల ఫైలును ఒకే సమయంలో దిద్దుతుండగా, ఎడిటర్ ఇద్దరి పనికీ ఒకే పేరున్న తాత్కాలిక ఫైలు వాడటంతో రెండూ తారుమారయ్యాయి. ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో కార్బతోయే ఈ సంగతి చెప్పారు.

సహాయ పత్రాల కథ వేరు. బెల్ ల్యాబ్స్‌లో 1969లో మొదలైన యూనిక్స్‌కు మొదట్లో రాతపూర్వక వివరణ లేదు. డగ్ మెకిల్రాయ్ పట్టుబట్టడంతో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ రాసిన మాన్యువల్ 1971 నవంబర్ 3న వెలువడింది. ఒక్కో కమాండ్‌కు ఒక్కో పేజీ: పేరు, వాడే తీరు, వివరణ, ‘బగ్స్’. తమ ప్రోగ్రామ్‌లో లోపమేమిటో తయారుచేసినవాళ్లే అచ్చులో ఒప్పుకోవడం ఆ పుస్తకం గొప్ప.

అయితే అది తెలిసినవాళ్లు తెలిసినవాళ్ల కోసం రాసుకున్నది. కమాండ్ పేరు తెలిస్తేనే దాని పేజీ దొరుకుతుంది. కొత్తవాడికి తెలియనిదే ఆ పేరు. ఈ ఇబ్బంది తీర్చడానికే, పనికి సంబంధించిన ఒక మాట ఇస్తే సరిపోయే పేజీల పేర్లు చూపే ‘అప్రపో’ కమాండ్ బీఎస్‌డీ యూనిక్స్‌లో వచ్చింది. కానీ అలాంటిదొకటి ఉందని చెప్పేదెవరు?

అక్కడే లాగిన్ సందేశానికి రెండో జన్మ దొరికింది. 1993లో మొదలైన ఫ్రీబీఎస్‌డీ అనే వ్యవస్థ తన స్వాగత సందేశంలో హ్యాండ్‌బుక్ ఎక్కడుందో చెబుతుంది. మాన్యువల్ చదవడం నేర్చుకోవాలంటే ‘మ్యాన్ మ్యాన్’, ఏ డైరెక్టరీలో ఏముంటుందో తెలియాలంటే ‘మ్యాన్ హయర్’ అని టైప్ చేయమంటుంది. ఈ సందేశాన్ని మార్చుకోవాలంటే ఎక్కడ చూడాలో కూడా అందులోనే ఉంటుంది. డెబియన్ లినక్స్ సందేశంలో ఎక్కువ చోటు లైసెన్సుకూ, వారంటీ లేదన్న హెచ్చరికకూ పోతుంది. ఉబుంటు సర్వర్ డిస్కు ఎంత నిండిందో, ఎన్ని అప్‌డేట్లు ఉన్నాయో లెక్క చెబుతుంది. నిర్వాహకుడికి అది కావలసిందే. మొదటిరోజు వచ్చినవాడికి మాత్రం ఆ అంకెలతో ఏం చేయాలో తోచదు.

పని నేర్చినవాళ్లకు రోజూ ఈ పలకరింపు విసుగే. అందుకే చాలా యూనిక్స్ తరహా వ్యవస్థల్లో ముందు చుక్క ఉన్న ‘హష్‌లాగిన్’ అనే ఖాళీ ఫైలు హోమ్ డైరెక్టరీలో పెట్టుకుంటే సందేశం రాదు. పాతవాళ్లకు నోరు మూయించే వీలుంది కనుక, రాసేటప్పుడు వాళ్ల విసుగు గురించి బెంగ అక్కర్లేదు. చేర్చే ప్రతి వరుసకూ ఒకటే పరీక్ష: ఇది చదివాక కొత్తవాడు టైప్ చేయగలిగిందేమైనా ఉందా? లేకపోతే ఆ వరుస తీసేయవచ్చు.