సీసాలోకెక్కిన చిట్కా మందు

తలనొప్పికి శొంఠి అరగదీసి నుదుట పట్టు వేయడం, జలుబుకు మిరియాల కషాయం కాచడం, కడుపుబ్బరానికి వాము నమిలించడం తెలుగు ఇళ్లలో వంటగదిలోనే జరిగిపోయే వైద్యం. దానికి లొంగని జబ్బుకు ఊరి వైద్యుడు వచ్చేవాడు. నాడి పట్టి చూసి, పెట్టెలోంచి మాత్ర తీసి, తేనెతోనో అల్లంరసంతోనో తమలపాకు రసంతోనో పుచ్చుకోమని అనుపానం చెప్పేవాడు. తండ్రి దగ్గర నేర్చిన పాఠం, బసవరాజీయం వంటి గ్రంథం, సొంత కల్వం ఆయన పెట్టుబడి. మందు మనిషిని బట్టి మారేది. వైద్యుడి పేరే దానికి పూచీ.

పందొమ్మిదో శతాబ్ది చివరికి ఈ పద్ధతి పక్కనే మరొకటి మొలిచింది. రైళ్లు నడిచాయి, తపాలా పల్లెల దాకా వెళ్లింది, పత్రికల్లో ప్రకటనలు పడ్డాయి. సరుకు చేతికందాక పోస్టుమ్యానుకు డబ్బు కట్టే వి.పి.పి. పద్ధతి వచ్చాక, ముఖమైనా చూడని రోగికి మందు అమ్మడం వీలైంది. అందరికీ ఒకటే మందు, ఒకటే సీసా, ఒకటే ధర. వైద్యుడి పేరు చేసే పని ఇప్పుడు సీసా మీది పేరు చేయాలి.

ఆ సంగతి తెలుగువారిలో అందరికన్నా బాగా గ్రహించినవాడు కాశీనాథుని నాగేశ్వరరావు. 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టి, బొంబాయిలో ఐరోపా వర్తకుడి కంపెనీలో పనిచేసిన ఆయన 1893లో అక్కడే అమృతాంజనం తయారీ మొదలుపెట్టాడు. పసుపుపచ్చని లేపనం, ఘాటైన వాసన. సంగీత కచేరీల్లో దాన్ని ఉచితంగా పంచిపెట్టేవారు. గాలి ఆడని హాలులో గంటల తరబడి కూర్చున్న శ్రోతకు తలనొప్పి మందు ఇవ్వడం కన్నా తెలివైన ప్రకటన ఉండదు.

ఇలాంటి లేపనాల్లో ప్రధానమైనవి కర్పూరం, పిప్పరమెంటు పువ్వు, నీలగిరి తైలం. పిప్పరమెంటు పువ్వు చర్మంలో చల్లదనాన్ని పసిగట్టే నాడులను తట్టిలేపుతుంది. వేడి ఏమీ తగ్గకపోయినా చల్లబడినట్టు అనిపిస్తుంది, ఆ చురుకులో నొప్పి కాసేపు మరుగున పడుతుంది. తలనొప్పికి మూలమైనదాన్ని అది ముట్టుకోదు. స్వదేశీ మందుగా పేరుపడ్డ ఈ సీసాలోని దినుసుల పుట్టుపూర్వోత్తరాలు కూడా చిత్రమైనవే. పిప్పరమెంటు పువ్వు ఆ రోజుల్లో ఎక్కువగా జపాను నుంచి వచ్చేది. నీలగిరి తైలమిచ్చే చెట్టు ఆస్ట్రేలియాది. పందొమ్మిదో శతాబ్దిలో ఇంగ్లీషువాళ్లు నీలగిరి కొండల మీద నాటించబట్టి ఆ పేరు వచ్చింది.

అమృతాంజనం లాభం ఎక్కడికి పోయిందన్నది మందు కన్నా పెద్ద కథ. 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. 1914లో మద్రాసు చేరి దినపత్రిక అయింది. 1924లో భారతి మాసపత్రిక, ఆపైన ఆంధ్ర గ్రంథమాల వచ్చాయి. ప్రభుత్వ ప్రాపకం లేని కాలంలో తెలుగు పత్రికా రచనకు ఒక తలనొప్పి మందు ఇంతగా ఆసరా అయిందంటే అతిశయోక్తి కాదు.

నాగేశ్వరరావు చేరేనాటికే మద్రాసులో ఆయుర్వేదం కొత్త ఊపిరి పోసుకుంటోంది. ఆయుర్వేదాశ్రమం నడిపిన దీవి గోపాలాచార్యులు ప్లేగు రోజుల్లో మందులు తయారుచేసి పేరు పొందాడు. పొట్ట చేతపట్టుకుని చిన్నతనంలోనే ఆ ఊరు చేరిన కోట నరసింహం, అంటే కె.ఎన్. కేసరి, 1900 ప్రాంతంలో కేసరి కుటీరం స్థాపించాడు. ఆయనకు సిరి తెచ్చింది స్త్రీల రుగ్మతలకు చేసిన లోధ్ర. లోధ్ర అంటే లొద్దుగ చెట్టు. దాని బెరడును అధిక రక్తస్రావానికి వాడడం ఆయుర్వేదంలో పాత సంగతే. కేసరి చేసిన కొత్త పని దాన్ని సీసాలో పోసి, నోరు విప్పి వైద్యుడికి చెప్పుకోలేని ఆడవాళ్ల ఇంటికి టపాలో చేర్చడం. 1928లో ఆయన గృహలక్ష్మి పత్రిక పెట్టాడు. లోధ్ర కొనేవాళ్లు, గృహలక్ష్మి చదివేవాళ్లు ఒకే ఇళ్లవాళ్లు. వ్యాపార లెక్క ఉన్నా, ఆ పత్రిక స్త్రీలకు చదువునూ రచననూ దగ్గర చేసింది. ఆ పత్రిక ఇచ్చిన స్వర్ణకంకణ పురస్కారం మొదట అందుకున్నది 1934లో కనుపర్తి వరలక్ష్మమ్మ.

నిజాం రాజ్యంలో దారి వేరు. అక్కడ హకీముల యునానీ వైద్యానికి దర్బారు ఆదరణ ఉండేది. హైదరాబాదులో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో జిందా తిలిస్మాత్ తయారుచేశాడు. పేరుకు అర్థం సజీవమైన ఇంద్రజాలం. నీలగిరి తైలం, కర్పూరం, పిప్పరమెంటు పువ్వు, వాము పువ్వు ఇందులో ఉంటాయి. ఎరుపు రంగు రతన్‌జోత్ వేరుది. కర్పూరం, పిప్పరమెంటు పువ్వు, వాము పువ్వు విడివిడిగా గట్టి పలుకులు, కలిపితే నీరు పోయకుండానే ద్రవంగా మారతాయి. జలుబుకు వేడినీళ్లలో చుక్కలు వేసి ఆవిరి పట్టడం, నొప్పికి రుద్దడం, కడుపు బాధకు లోపలికి పుచ్చుకోవడం, అన్నీ ఒకే సీసాతో. డబ్బా మీది బొమ్మ ఆఫ్రికా సంతతి సిద్దీది. నిజాం సైన్యంలో సిద్దీల దళం ఉండేది గనుక హైదరాబాదీలకు ఆ బొమ్మ బలానికి గుర్తు.

సర్వరోగ నివారిణి అన్న మాట ఆనాటి ప్రకటనల్లో మామూలే. వాటిలో దొంగమందులకూ కొదవ లేదు. వాటికి కళ్లెం వేసింది 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం. 1940 నాటి ఔషధ చట్టాన్ని 1964లో సవరించి ఆయుర్వేద, యునానీ మందుల తయారీనీ లైసెన్సు కిందికి తెచ్చారు.

ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. అమృతాంజనం, జిందా తిలిస్మాత్ ఇప్పటికీ కిరాణా కొట్లలో దొరుకుతున్నాయి.