ఎదుటి మనిషి లేని కోపం: రోబోలకు భావోద్వేగాలు నేర్పే పద్ధతిపై ఒక ఆక్షేపణ

తెలుగు గొంతులోని భావోద్వేగాలను యంత్రానికి నేర్పాలనుకునే పరిశోధకులు తరచూ ఆశ్రయించేది 2009లో ఖరగ్‌పూర్ ఐఐటీ వెలువరించిన ధ్వని భాండారాన్నే. శశిధర్ కూలగుడి, కె. శ్రీనివాసరావు తదితరుల కృషి అది. విజయవాడ ఆకాశవాణి కళాకారులు పదిమంది, ఐదుగురు ఆడవారు, ఐదుగురు మగవారు, 15 తెలుగు వాక్యాలను 8 భావాల్లో 10 విడతలుగా పలికారు. మొత్తం 12,000 ఉచ్చారణలు. కోపం, జాలి, ఏవగింపు, భయం, సంతోషం, వ్యంగ్యం, ఆశ్చర్యం, ఇవేవీ లేని మామూలు గొంతు: ఇవీ ఆ ఎనిమిది.

శ్రమ గొప్పదే. అసలు అభ్యంతరం దాని పునాది మీద. భావమంతా గొంతులోనే దొరకాలని, ఏ భావమూ స్ఫురించని వాక్యాలనే ఏరుకున్నారు. ఆ వాక్యాన్ని ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అంటున్నారన్నది లెక్కలోకే రాలేదు. రేడియో నటులు నేర్పుగలవారు కాబట్టి కోపం అడిగితే కోపం పలికించారు. అయితే ఎవరి మీద కోపం? విభావం (భావం పుట్టించే కారణం) లేకుండా అనుభావాన్ని (అది బయటపడే తీరును) మాత్రం కొలిచే ఈ పద్ధతి అలంకారశాస్త్రం చదివిన తెలుగువాడికి మొదటి చూపులోనే వెలితిగా కనిపించాలి.

చెరుకుపల్లిలో ఇళ్లలోని మాటామంతీ రాసుకుంటూ ఉండగా ఈ అనుమానం బలపడింది. ఒక ఇంటి వాకిట్లో అక్క చేటలో బియ్యం ఏరుతోంది. తమ్ముడు బండి దిగాడు. ఆమె తల ఎత్తకుండానే "ఏరా, దారి తప్పి వచ్చావా?" అంది. గొంతు హెచ్చింది, మాట విసురుగా పడింది. "నువ్వు పిలిస్తేగా" అన్నాడతను. "పిలిస్తేగానీ రారా తమరు?" అంటూనే చేట పక్కన పెట్టి, లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. అతను కాళ్లు కడుక్కునేలోపే పొయ్యి మీద ఎసరు పడింది. ఆమె మళ్లీ చేట ముందు కూర్చున్నాక భర్త అన్నగారు వచ్చారు. "రండి బావగారూ, కూర్చోండి" అంది మెత్తగా. లేవనైనా లేవలేదు, చేట మీది చేయి ఆగలేదు. ఆమె ఇంటికీ బావగారి ఇంటికీ మధ్య పొలం గట్టు తగాదా నడుస్తోందని తర్వాత తెలిసింది.

స్థాయినీ తీవ్రతనూ కొలిచే యంత్రం మొదటి మాటకు కోపమనీ, చివరి మాటకు మామూలు గొంతనీ చీటీ అంటిస్తుంది. రెండూ తప్పే. మొదటిది తోడబుట్టినవాడి మీద అధికారం, రెండోది మర్యాద చాటున మండుతున్న కోపం. ఆ సంగతి పట్టించేవి వరస, గట్టు తగాదా, చెంబెడు నీళ్లు.

కూచిపూడి భామాకలాపం ఈ విషయం ఎప్పుడో గ్రహించింది. సత్యభామ ఒంటరిగా విరహం ఒలకబోస్తే కథ నడవదు. చెలికత్తె మాధవి ఉండాలి, అడగాలి, ఆటపట్టించాలి. మొగుడి పేరు చెప్పమని మాధవి పట్టుబడితేనే భామలో సిగ్గు పుడుతుంది. లేఖ అందించడానికి ముక్కెర అడిగితేనే గర్వమూ ఆరాటమూ పెనగులాడుతాయి. సంప్రదాయంలో సూత్రధారుడే భామ దగ్గర మాధవిగా, కృష్ణుడి దగ్గర మాధవుడిగా మారడం కేవలం నటుల కొరత తీర్చుకునే ఉపాయమని నేను అనుకోను. ఎదుటివారు మారితే తానూ మారే మనిషిని అక్కడ రంగం మీద నిలబెట్టారు.  పద్యనాటకంలోనూ అంతే: "వన్స్ మోర్" అన్న కేకతో అదే పద్యం రెండోసారి పాడితే భావం మొదటిసారిది కాదు. మధ్యలో ప్రేక్షకుడు జవాబు చెప్పాడు మరి.

పాశ్చాత్య నమూనాల్లోనూ ఎదుటివారి వరసను లెక్కచేయని ఈ లోటే ఉంది. పరిశోధకులు ఒర్టొనీ, క్లోర్, కాలిన్స్ 1988లో ప్రతిపాదించిన 22 రకాల భావాల పట్టికలో ఇతరుల చేతలకు చోటుంది, వరసకు లేదు. ఎంఐటీలో సింథియా బ్రెజీల్ రూపొందించిన కిస్మెట్ రోబో ఎదుటివారి గొంతులో మెచ్చుకోలును, మందలింపును, బుజ్జగింపును పట్టుకునేది. ఉన్నంతలో మెరుగైన ప్రయత్నం అదే. కానీ దానికి ఎవరు ఎదురైనా ఒక్కటే, అక్కా వదినా తేడా తెలియదు.

వాక్యం స్థిరంగా లేకపోతే పోలిక కుదరదనే వాదం ఉంది. కొలతకు లొంగిందే భావమని ఒప్పుకున్నవారికే అది చెల్లుతుంది.

భావోద్వేగం మనిషి లోపల ఉండేది కాదు, ఇద్దరి మధ్య పుట్టేది. ఇది తెలుగుకే కాదు, ఏ భాషలో పనిచేసే రోబోకైనా వర్తిస్తుంది. పిల్లలు అమెరికాలో ఉండగా ఇక్కడ ఒంటరిగా మిగిలిన పెద్దల పక్కకు రేపు మాట్లాడే యంత్రాలు వస్తాయి. "బాగానే ఉన్నానులే" అన్న తల్లి మాటను అవి మామూలు గొంతుగా రాసుకుంటే జరిగే నష్టం చిన్నది కాదు. అందుకే కొత్త భాండారం కావాలి. తెనాలి, రేపల్లె, చెరుకుపల్లి ఇళ్లలోనే ఇద్దరిద్దరి మాటలు వారి అనుమతితో రికార్డు చేయాలి. ప్రతి మాట పక్కనా వారి వరస, వారి మధ్యనున్న పాత తగాదా, ఆ మాట తర్వాత చేసిన పని నమోదు కావాలి.