అడవి ఫోటోలో మనుషులేరి?



ఇప్పుడు మన గూడేల్లో చేతిలో ఫోన్ లేని యువతీయువకులు అరుదు. వాగు పొంగినా, ఇప్పపూలు రాలినా, కొండ మీదికి మబ్బు దిగినా ఫోటో తీసి నలుగురికీ పంపుతున్నాం. పట్టణాల నుంచి ట్రెక్కింగ్‌కు వచ్చేవాళ్లు కూడా అవే కొండలను తీస్తున్నారు. కొందరు ఆ ఫోటో కింద ‘మనిషి అడుగు పడని అడవి’ అని రాస్తున్నారు. వాళ్లు నడిచి వచ్చిన బాట మన తాతలు, అవ్వలు నడిచి నడిచి పడిన బాటే. మరి అడుగు పడనిది ఎలా అయింది?

ఇలా చూడటం మన దగ్గర మొదలైంది కాదు. దీనికి నూట అరవై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అది తెలుసుకోవాలంటే ముందు అమెరికాలోని ఒక లోయకు వెళ్లాలి.

అహ్వానీ లోయలో ఏం జరిగింది?

కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా పర్వతాల మధ్య యోసెమిటీ అనే లోయ ఉంది. అక్కడి ఆదివాసులు దాన్ని అహ్వానీ అనేవారు. ఆ పేరుతోనే వాళ్లు అహ్వానీచీలు అయ్యారు. నల్ల ఓక్ చెట్టు కాయలు వాళ్ల ముఖ్య ఆహారం. మనం ఇప్పపూలు ఎండబెట్టి దాచుకున్నట్టే వాళ్లు ఆ కాయలను దాచుకునేవారు. నేల మీద చిన్న చిన్న మంటలు పెట్టి పొదలు కమ్ముకోకుండా చూసేవారు. అందువల్ల ఓక్ చెట్లకు ఎండ తగిలేది, పచ్చిక బయళ్లు తెరిపిగా ఉండేవి.

1848లో ఆ ప్రాంతంలో బంగారం బయటపడింది. దాని కోసం వేలమంది వచ్చి పడ్డారు. 1851లో మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం లోయలోకి దిగి ఇళ్లను, తిండి నిల్వలను తగలబెట్టింది. అహ్వానీచీల పెద్ద పేరు టెనాయా. ఆయన మనుషులను పట్టుకున్న చోట ఉన్న సరస్సుకు ఆయన పేరే పెడుతున్నామని దళం వాళ్లు గొప్పగా చెప్పారట. దానికి పైవియాక్ అనే పేరు ముందే ఉందని టెనాయా బదులిచ్చినట్టు ఆ దళంలోని వ్యక్తే తర్వాత రాశాడు. అయినా నేటి మ్యాపులో అది టెనాయా సరస్సుగానే ఉంది.

ఇది జరిగిన పదేళ్లకు, 1861లో, కార్ల్‌టన్ వాట్కిన్స్ అనే ఫోటోగ్రాఫర్ కంచర గాడిదల మీద సామాను వేసుకుని ఆ లోయకు వచ్చాడు. ఆయన కెమెరాలో పట్టే గాజు పలక 18 అంగుళాలు, 22 అంగుళాల కొలత. పలకకు రసాయనం పూసి, అది తడిగా ఉండగానే ఫోటో తీసి, అక్కడికక్కడే చీకటి గుడారంలో కడగాలి. అంత కష్టపడి ఆయన తీసిన రాతి గోడలు, జలపాతాలు, మహావృక్షాలు తూర్పు నగరాల్లో జనాన్ని ఆశ్చర్యపరిచాయి. 1864 జూన్ 30న అధ్యక్షుడు లింకన్ ఆ లోయను ప్రజల కోసం కాపాడే చట్టంపై సంతకం చేశాడు. ఆ నిర్ణయం వెనుక ఈ ఫోటోల ప్రభావం ఉందని చరిత్రకారులు అంటారు. 1871లో విలియం హెన్రీ జాక్సన్ ఎల్లోస్టోన్‌లో తీసిన ఫోటోలు కూడా అలాగే పనిచేశాయి. మరుసటి ఏడాదే అది జాతీయ పార్కు అయింది.

తర్వాతి తరంలో వచ్చినవాడు ఆన్సెల్ ఆడమ్స్. 1927 ఏప్రిల్ 10న బరువైన కెమెరా, 12 గాజు పలకలు మోసుకుని, మంచు మీద నడిచి, హాఫ్ డోమ్ అనే పెద్ద బండకు ఎదురుగా చేరాడు. అప్పటికి రెండే పలకలు మిగిలాయి. ఒకటి పసుపు ఫిల్టర్‌తో తీశాడు. రెండోది ముదురు ఎరుపు ఫిల్టర్‌తో తీశాడు. ఎరుపు ఫిల్టర్ నీలి వెలుగును ఆపేస్తుంది కాబట్టి ఆకాశం దాదాపు నల్లగా వచ్చి, బండ గంభీరంగా నిలిచింది. ఆ ఫోటో లోకప్రసిద్ధమైంది. 1936లో ఆయన తన ఫోటోలు పట్టుకుని వాషింగ్టన్ వెళ్లి, కింగ్స్ కాన్యన్‌ను పార్కుగా చేయాలని వాదించాడు. 1940లో అది పార్కు అయింది.

ఈ మనుషుల శ్రమను మనం తక్కువ చేయనక్కర్లేదు. కలప వ్యాపారుల గొడ్డలి నుంచి చాలా అడవిని ఆ ఫోటోలు కాపాడాయి. అయితే ఆ ప్రసిద్ధమైన ఫోటోల్లో కొండ ఉంది, నీరు ఉంది, వెలుగు ఉంది. అక్కడ బతికిన మనుషులు లేరు. చూసినవాళ్లకు అది ఎవరూ లేని చోటుగా తోచింది. ఎవరూ లేని చోట ఎవరికి హక్కు ఉంటుంది? అహ్వానీచీల వారసులు పార్కులో కూలిపనులు చేస్తూ, బుట్టలు అల్లుతూ చాలాకాలం అక్కడే బతికారు. 1969లో వాళ్ల ఊరిలో మిగిలిన ఇళ్లను కూడా కూల్చేశారు.

ఆ ఫోటోలే మరో నిజాన్నీ దాచి ఉంచాయి. వాట్కిన్స్ ఫోటోల్లో లోయ తెరిపిగా కనిపిస్తుంది. తర్వాతి కాలపు ఫోటోల్లో అదే చోట దేవదారు జాతి చెట్లు దట్టంగా కమ్ముకున్నాయి. ఆదివాసుల చిన్న మంటలు ఆగిపోవడమే దానికి ఒక ముఖ్య కారణం. 1970 నుంచి పార్కు వాళ్లే పద్ధతి ప్రకారం మంటలు పెట్టడం మొదలుపెట్టారు. ‘మనిషి తాకని ప్రకృతి’ అనుకున్నది నిజానికి ఆదివాసులు పెంచి పోషించిన నేల అని ఆ విధంగా రుజువైంది.

మన కొండల సంగతి

మన దగ్గరికి వద్దాం. 1940లో కొమురం భీం జోడేఘాట్‌లో అమరుడయ్యాడు. అదే ఏడాది ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ నల్లమలలో చెంచు పెంటల వెంట తిరుగుతున్నారు. తర్వాత పాపికొండల్లో కొండరెడ్ల మధ్య, ఆదిలాబాద్‌లో గోండుల మధ్య ఉన్నారు. 1943, 1945, 1948లలో ఆ మూడు తెగల మీద పుస్తకాలు వచ్చాయి. ఆయన తీసిన ఫోటోలు లండన్‌లోని సోయాస్ సంస్థలో ఉన్నాయి. వాటిలో కొండతో పాటు గుడిసె ఉంది, పోడు ఉంది, మనుషుల ముఖాలు ఉన్నాయి. అందుకే అవి ఈనాటికీ మనకు పనికొస్తున్నాయి. కానీ కెమెరా పట్టింది బయటివారే.

ఇప్పుడు పాపికొండల పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది లాంచీ ప్రయాణం, గోదావరి మలుపు, మంచు కమ్మిన కొండలు. ఆ అందమైన ఫోటోల్లో కొండరెడ్ల, కోయల ఊళ్లు ఎన్నింటిలో కనిపిస్తాయి? పోలవరం ముంపు కింద ఊళ్లు ఖాళీ అయ్యాయి. నీటి కిందికి పోయిన చెట్టుకు, రేవుకు, సమాధులకు మిగిలేది పెద్దల జ్ఞాపకం, మనం తీసి పెట్టుకున్న ఫోటో మాత్రమే.

ఇక మనం చేయాల్సింది

2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన 2008 నిబంధనల్లో 13వది చదవండి. ఇళ్లు, గుడిసెలు, చదును చేసిన నేల, గట్లు, చెక్‌డ్యాములు, పాత బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు, పెద్దల వాంగ్మూలం అన్నీ హక్కుకు ఆధారాలుగా అందులో ఉన్నాయి. ఫోటో ఒక్కటే పట్టా తెచ్చిపెట్టదు. కానీ ఈ ఆధారాలను గ్రామసభ ముందు చూపడానికి అది తోడవుతుంది.

అందుకని కొండకు వెళ్లినప్పుడు ఒక పెద్దాయననో, అవ్వనో వెంట తీసుకెళదాం. ఆ కొండను, చెలమను, బండను మన భాషలో ఏమంటారో అడిగి ఫోటోతో పాటు రాసుకుందాం. తేదీ వేద్దాం. ఎవరు ఎందుకు అక్కడికి వెళతారో రెండు ముక్కలు రాద్దాం. అదే చోటును అదే దిక్కు నుంచి ప్రతి ఏడూ ఒకసారి తీద్దాం. మార్పు అప్పుడే తెలుస్తుంది. దేవర ఉండే చోటును పెద్దలు వద్దంటే తీయవద్దు. మందు చెట్లు, తేనెపట్లు ఉన్న చోటును ఫోన్‌లో అందరికీ తెలిసేలా పెట్టవద్దు.

టెనాయా చెప్పిన జవాబు గుర్తుంచుకుందాం. మన వాగులకు, గుట్టలకు పేర్లు ముందే ఉన్నాయి. ఆ పేర్లు తెలిసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. ఈ సెలవుల్లోనే వాళ్ల దగ్గర కూర్చుందాం.

అమరులకు జోహార్లు!